పుర్రచేతి గరిజెలు

రఘుపతి ఉద్యోగం చైన్‌మన్. భూమి కొలిచేటప్పుడు సర్వేయర్ చూపించిన చోట గొలుసు కొస పట్టుకుని నిలబడటం అతని పని. కానీ జడ్చర్ల ధాన్యం మార్కెట్ గంజి దగ్గర చాయ్ హోటల్లో కూర్చున్నాడంటే మాత్రం "ఇయ్యాల పన్నెండెకరాలు కొలిచిన, నడుము పట్టేసింది" అనేవాడు. మరి సర్వేయర్ సారు ఏడున్నడని ఎవరైనా అడిగితే, "ఉన్నడు, ఆయన గుడ ఉన్నడు" అని ఉదారంగా ఒప్పుకునేవాడు. అబద్ధమని తోసేయలేం. గొలుసుకు రెండు కొసలుంటాయి, ఒక కొస ఇతని చేతిలో ఉన్న మాట నిజమే. ఆ కొస పట్టుకుని గొలుసంతా తనదేననుకోవడం అతనికి ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

అలాంటి మనిషికి క్యారమ్స్ పిచ్చి పట్టింది. 1985 ఎండాకాలంలో ఐలేశం తన సైకిల్ షాపు వెనక గదిలో ఒక క్యారమ్ బోర్డు వేశాడు. పాత ట్యూబుల మధ్య, గ్రీజు వాసనలో, ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిని అయిదుగురు అక్కడ చేరేవారు. షాపు యజమాని ఐలేశం, బడిలో లెక్కల సారు యోహాను, టైలర్ వహీద్, లారీ డ్రైవర్ నర్సింహ, అయిదోవాడు రఘుపతి. ఆటలో కూడా అతనిది అయిదో స్థానమే. స్ట్రైకర్ మీద వేలు పెట్టే ముందు మూడుసార్లు చేతులు దులుపుకుంటాడు, ఒంటికన్ను మూసి కోణం చూస్తాడు, ఊపిరి బిగబడతాడు, అంతా అయ్యాక అవతలివాడి కాయను పాకెట్లో వేసి పెడతాడు.

ఆట రెండు గంటలు సాగాక ఆకలేసేది. అందుకని వంతులు పెట్టుకున్నారు. వారానికొకరు ఇంటి నుంచి ఏదో ఒకటి తేవాలి. ఐలేశం అటుకుల చుడువ తెచ్చేవాడు, పోపులో ఎల్లిగడ్డ దంచి వేసిన ఘాటు గది బయటికి వచ్చేది. యోహాను ఉడకబెట్టిన పల్లికాయ, దాని మీదికి ఉల్లిగడ్డ కారం తెచ్చేవాడు. వహీద్ తెచ్చే లుక్మీలు, అంటే లోపల ఖీమా పెట్టి నలుచదరంగా మడిచి వేయించినవి, డబ్బా మూత తీసిన నిమిషంలో మాయమయ్యేవి. శనివారం మాంసం ముట్టని నర్సింహ ఆదివారం రెండు రోజుల లెక్కా తేల్చేవాడు.

ఆ నర్సింహే ఒకసారి బస్టాండు బండి మీది మిరపకాయ బజ్జీలు తెచ్చి ఇంట్లో చేసినవని బుకాయించాడు. బండివాడి పొట్లం కాగితం జేబులోంచి తొంగిచూసింది. అప్పటి నుంచి యోహాను ఒక నియమం పెట్టాడు. తెచ్చినవాడు అది ఎట్లా చేసిందీ మొదట చెప్పాలి, ఆ తర్వాతే మూత తియ్యాలి. బడిలో పిల్లల చేత ఎక్కాలు చెప్పించినట్టు వీళ్ల చేత వంటలు చెప్పించేవాడు. వహీద్‌కు ఈ పరీక్షంటే భయమే లేదు. "మా జాహేదా చేసింది. పిండిల జర డాల్డా వోసి పిసికిందట. మిగతది ఆమెనే అడుగుండ్రి, నన్ను తిననియ్యుండ్రి" అని మూత తీసేసేవాడు. అంతటితో సరి.

రఘుపతి వంతు వచ్చింది. నియమం గుర్తు చేసేలోపే మూత తీశాడు. స్టీలు డబ్బా నిండా గరిజెలు. పల్చటి పూరీలో పుట్నాల పొడి, ఎండుకుడుక తురుము, వేయించిన నువ్వులు, శక్కర, ఇలాచి కలిపి నింపి, సగానికి మడిచి, అంచును జడలాగా అల్లి, నూనెలో సన్న సెగ మీద తేల్చినవి. కొరికితే పొర పొరగా విరిగాయి. యోహాను కళ్లు మూసుకుని నమిలాడు, కళ్లు తెరిచి అడిగాడు.

"రఘుపతన్నా, ఎవరు చేసిండ్రే గివి?"

ఆ క్షణంలో "మా ఆమె" అంటే సరిపోయేది. మూడంటే మూడక్షరాలు. ఊపిరి తీసుకున్నంత సేపు పట్టదు. కానీ పన్నెండెకరాలు కొలిచే నోరది. దానంతటదే తిరిగింది.

"ఎవరు చేసుడేంది? మన చెయ్యే."

నలుగురూ నమలడం ఆపారు. మగవాడు గరిజెలు చేయడం జడ్చర్లలో ఎవరూ వినలేదు. మాంసం వండే మగవాళ్లు ఉన్నారు, పెళ్లిళ్లలో గాడిపొయ్యి మీద అన్నం వార్చే వాళ్లూ ఉన్నారు. కానీ కూర్చుని, ఓపికగా, ఒక్కొక్క మడతా అల్లే మగవాడా! ఐలేశం లేచి రఘుపతి కుడిచెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గింత పనితనం వెట్టుకోని క్యారమ్స్‌ల గట్లెందుకు ఆడుతున్నవే?" అని మాత్రం ఆశ్చర్యపోయాడు.

ఆ రోజు నుంచి అతను ఉస్తాద్. నెల తిరగకుండా ఆ అయిదుగురూ పెట్టుకున్న క్యారమ్స్ సంఘానికి సెక్రటరీ. ఆటలో అయిదో స్థానంలో ఉన్నవాడు సంఘంలో మొదటి కుర్చీ ఎక్కాడంటే, అది గరిజెల పుణ్యం. ఆ గరిజెలు చేసిన మనిషి ఆ సమయానికి ఇంట్లో నూనె మూకుడు తోముకుంటూ ఉంది.

ఆమె పేరు అరుణమ్మ. పుర్రచేతి వాటం. అంటే పుట్టుకతోనే ఎడమచెయ్యి ముందుకొచ్చే మనిషి. పెళ్లయిన కొత్తలో అత్త గుర్వమ్మ ఆ చెయ్యి మీద యుద్ధం ప్రకటించింది. "పుర్రచేత్తోని వడ్డిస్తవా? ఇంటికి దరిద్రం" అని గరిటె లాక్కునేది. రఘుపతి తల్లికి వంత పాడేవాడు. "నలుగుట్ల నా ఇజ్జత్ తియ్యకే, ఆ చెయ్యి కొంగుల వెట్టుకో" అనేవాడు. పాపం, ఆమె తినడం, వడ్డించడం, పసుపు పెట్టడం అన్నీ కుడిచేతికి నేర్పించుకుంది. ఒక్క గరిజె అంచు మాత్రం కుడిచేతికి లొంగలేదు. పిండివంట చేసేటప్పుడు వంటింటి తలుపు దగ్గరికి వేసుకుని, ఎడమచేత్తో టకటకా మడతలు అల్లేది. అందువల్ల ఊళ్లో అందరి గరిజెల అంచూ ఒక వైపు వాలితే, ఆమె గరిజెల అంచు రెండో వైపు వాలేది. ఆ సంగతి ఇంట్లో ఆమెకూ, అత్తకూ తప్ప ఎవరికీ తెలియదు. అత్త పోయాక ఆమెకే తెలుసు.

ఉస్తాద్ అయ్యాక రఘుపతికి కొత్త చిక్కు వచ్చింది. యోహాను నియమం ప్రకారం ఎట్లా చేసిందీ చెప్పాలి గదా! అందుకని శనివారం సాయంత్రం పొయ్యి ముందు పీట వేసుకుని, నోటుబుక్కు తెరిచి కూర్చునేవాడు. పదేళ్ల కాపురంలో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో అడగని మొగుడు, ఇంగువ ఎప్పుడేస్తవని అడుగుతుంటే అరుణమ్మ మురిసిపోయింది. సర్వపిండికి బియ్యప్పిండిలో నానబెట్టిన శెనగపప్పు ఎంత, పోలెలకు పూర్ణం ఎంత గట్టిగా ఉండాలి, మలీద ముద్దలకు రొట్టె వేడిగా ఉండగానే ఎందుకు నలపాలి, అన్నీ విసుక్కోకుండా చెప్పింది. ఆదివారం అతను తిరిగొచ్చాక "ఎట్లున్నయన్నరు?" అని ఆత్రంగా అడిగేది. "మస్తున్నయన్నరు" అనేవాడు. అది నిజమే. రఘుపతి చెప్పేవన్నీ ఇట్లాంటి నిజాలే.

సంఘంలో ఆ నోటుబుక్కుకు గిరాకీ పెరిగింది. తలా ఒకరు రాసుకుపోయి ఇంట్లో చేయించుకునేవారు. ఆమె నోటితో చెప్పిన కొలతలు పిడికెడు, చారెడు, రెండు వేళ్లు. అవి మరీ ఆడవాళ్ల కొలతల్లా ఉన్నాయని రఘుపతి వాటిని ఆటలోకి మార్చాడు. బోర్డు మీద చల్లే పౌడర్ డబ్బా ఖాళీ అయ్యాక కడిగి ఎండబెట్టి, ఆ డబ్బాతో రెండు డబ్బాల పిండి అని రాశాడు. స్ట్రైకర్ అంత ఉండ, క్వీన్ అంత బెల్లం ముక్క. గరిజెల దగ్గర మాత్రం తొందరపడి "పూరీ కాయిన్ అంత మందం వత్తాలె" అని రాసేశాడు.

ఐలేశం భార్య బక్కమ్మ ఆ రాత చదివించుకుని, మొగుడి జేబులోంచి ఒక నల్ల కాయిన్ తీయించి, పక్కన పెట్టుకుని మరీ అంత మందాన వత్తింది. వచ్చే ఆదివారం ఐలేశం తెచ్చిన గరిజెలు విరగలేదు. నర్సింహ ఒకదాన్ని నేలకేసి కొట్టాడు, నేల మీది సిమెంటు రాలింది. "ఉస్తాద్, నువ్వు చెప్పినట్టే చేసిందే మా ఆమె" అన్నాడు ఐలేశం బిక్కమొహం వేసుకుని.

రఘుపతి తడుముకోలేదు. పెదవి విరిచాడు. "రాత సరిగ్గనే ఉన్నది. మీ ఆమెకే చెయ్యి తిరుగలే" అన్నాడు.

పరాయి ఇంటి ఆడమనిషి తప్పు చెప్పేటప్పుడు ఎంత తేలిగ్గా వచ్చిందో చూడండి ఆ మాట. ఐలేశం వెళ్లి ఆ మాట అట్లాగే భార్యకు చెప్పాడు. బక్కమ్మ దాన్ని మనసులో దాచుకుంది.

ఆమె దాన్ని తీసింది పిండి గిర్ని దగ్గర, 1989 మాఘమాసంలో. వరుసలో తన వెనక డబ్బా పట్టుకుని నిలబడ్డ అరుణమ్మను చూసి, పది మంది ఆడవాళ్లు వినేటట్టు అంది.

"నీకేమమ్మ, రాణివి. నీ మొగడు గరిజెలు జేస్తడు, పోలెలు జేస్తడు. నువ్వు కూసోని తింటవు. మరి పెండ్లానికి చేతగాకుంటె మొగోడు జేసుకోక ఏం జేస్తడు తియ్యి!"

అరుణమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక గిర్ని చప్పుడు కూడా వినిపించలేదు. ఆమె ఎడమ మణికట్టు మీద నూనె చిట్లిన మచ్చలు మూడున్నాయి. కొంగు దాని మీదికి లాక్కుంది, అలవాటు ప్రకారం. ఎందుకు దాచాలో తెలియక మళ్లీ తీసేసింది.

ఆ సాయంత్రం మొగుణ్ని నిలదీసింది. రఘుపతి మొదట నీళ్లు నమిలాడు, తర్వాత నవ్వబోయాడు, చివరికి కోపం తెచ్చుకోబోయి అది కూడా రాక కూలబడ్డాడు.

"ఏదో నోరు జారిందే. ఎన్కటి ముచ్చట."

"నోరు జారితే ఒక్కసారి జారుతది. నాలుగేండ్ల సంది జారుతదా?" అంది అరుణమ్మ. "నాకేం పతకాలు వద్దు. నీ నోటుబుక్కుల నా పేరు రాయమంటలేను. ఒక్కసారి, అందరి ముంగట, మా ఆమె చేసింది అను. ఆ బక్కమ్మ ఇనాలె. గంతే."

రఘుపతికి అది గొంతులో వెలక్కాయ. కానీ తప్పించుకునే దారి వెంటనే దొరికింది. ఎండాకాలంలో భువనగిరి జట్టు ఆడటానికి వస్తోంది. "టోర్నమెంటు కానియ్యి. ఆనాడు ఆడోళ్లందరు ఉంటరు. పది మందిల చెప్తె గదా గౌరవం" అన్నాడు. అరుణమ్మ నమ్మింది. నమ్మి, ఆ రోజు కోసం ఇత్తడి పళ్లెం చింతపండు వేసి తోమి పెట్టుకుంది.

టోర్నమెంటంటే పెద్దదేం కాదు. యోహాను పనిచేసే బడిలో ఒక గది, ఒక బోర్డు, బల్ల మీద చిన్న కప్పు. భువనగిరి నుంచి వచ్చిన వాళ్లకు కరీం నాయకుడు. కోట గుట్ట కింద కిరాణా దుకాణం అతనిది, మర్యాదస్తుడు. మూడు ఆటలు, రెండు గెలిచినవాళ్లకు కప్పు. మొదటిది యోహాను గెలిచాడు. రెండోది నర్సింహ ఓడాడు. మూడోది కరీంతో ఆడాల్సింది నిజానికి వహీద్. కానీ జట్టు పేర్లు రాసింది సెక్రటరీ గారు. అందుకని అక్కడ రఘుపతి పేరుంది.

మూడో ఆటకు ముందు ఫలహారం. వరండాలో కూర్చున్న ఆడవాళ్లలోంచి అరుణమ్మ లేచి, ఇత్తడి పళ్లెం నిండా గరిజెలు తెచ్చి బల్ల మీద పెట్టి, గుమ్మం పక్కన నిలబడింది. ఆమె వెనక వహీద్ భార్య జాహేదా, ఇంకొంచెం వెనక బక్కమ్మ. అరుణమ్మ కొంగు సవరించుకుంది. మొహం మీద చెమట తుడుచుకుంది. పెళ్లిచూపుల నాడు కూడా ఆమె అంత కంగారు పడలేదు.

కరీం ఒకటి తిన్నాడు, రెండోది తీసుకున్నాడు. "భాయ్, మా దిక్కు మస్తు గరిజెలు తిన్న గని గిసుంటియి తినలే. ఎవరి చెయ్యి ఇది?"

అందరూ రఘుపతి వైపు చూశారు. రఘుపతి గుమ్మం వైపు చూశాడు. ఇప్పుడు ఆ మాటంటే ఉస్తాద్ పోతాడు, సెక్రటరీ పోతాడు, నోటుబుక్కు పోతుంది, నలుగురూ ఇన్నేళ్ల గరిజెలను తలచుకుని పగలబడి నవ్వుతారు. అతను అనుకున్నది ఇది. నిజానికి వాళ్లు అరనిమిషం నవ్వి, ఇంకో గరిజె తీసుకుని ఉండేవారు. ఆ అరనిమిషాన్ని దాటలేకపోయాడు.

"మన చెయ్యే" అన్నాడు.

కొంగు సవరిస్తున్న అరుణమ్మ చెయ్యి అట్లాగే ఆగిపోయింది. బక్కమ్మ చిన్నగా దగ్గింది. మగవాళ్లలో ఇది చూసింది ఒక్క వహీదే. వహీద్ ఇరవై ఏళ్లుగా బట్టల అంచులు మడిచి కుట్టే మనిషి. మొదటి ఆదివారం, మొదటి గరిజె చేతిలోకి తీసుకున్నప్పుడే ఆ మడత ఎటు వాలిందో అతని కంటపడింది. కానీ కొలతలు తీసేటప్పుడు కనిపించినవన్నీ టైలర్లు బయట చెప్పరు. ఇవాళ ఆ గుమ్మం దగ్గరి మొహం చూశాక ఊరుకోలేకపోయాడు. పళ్లెంలోంచి ఒక గరిజె తీసి, వెలుతురుకు పట్టుకుని తిప్పాడు.

"ఉస్తాద్, ఒక మాట అడుగుత. గీ మడత పుర్రచేతిది. చూడు, అల్లిక గిటు వాలింది. కుడిచెయ్యోడు మడిస్తె గటు వాలుతది. నీది కుడిచెయ్యి గద?"

ఇంతకన్నా బార్లా ఎవరూ తలుపు తెరిచి పెట్టరు. లోపలికి అడుగు వేయడమే మిగిలింది. అరుణమ్మ తలెత్తింది. జాహేదా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

రఘుపతి ఎడమచెయ్యి పైకెత్తి చూపించాడు. "నాకు... వంటకాడ పుర్రచెయ్యి భాయ్" అన్నాడు. "నాజూకు పనులన్ని దాంతోనే జేస్త."

ఏ చేతిని కొంగులో పెట్టుకొమ్మన్నాడో ఆ చెయ్యే ఇప్పుడు తనదైంది. కథ చెప్పేవాడికే ఒళ్లు మండే చోటు ఇది.

"అచ్ఛా" అన్నాడు వహీద్, నిదానంగా. "మరి క్యారమ్స్ కన్న నాజూకు పని ఏమున్నదే? దీన్ని గుడ ఆ చేత్తోనే ఆడరాదు?"

యోహాను అమాయకుడు. తొడ చరిచాడు. "ఔను గద! ఇన్నేండ్లు ఉస్తాద్ మనతోని వాటంగాని చేత్తో ఆడిండు, గందుకే ఓడిండు!" కరీం కూడా సంబరపడ్డాడు. "పుర్రచేతి ఆట నేనెన్నడు చూడలే. ఆడుండ్రి భాయ్, చూస్త" అన్నాడు. భువనగిరివాళ్లు చప్పట్లు కొట్టారు. జడ్చర్లవాళ్లు ఇంకా గట్టిగా కొట్టారు.

రఘుపతి బోర్డు ముందు కూర్చున్నాడు. మూడుసార్లు చేతులు దులుపుకున్నాడు, ఒంటికన్ను మూశాడు, ఊపిరి బిగబట్టాడు. ఎడమచేతి చూపుడువేలు స్ట్రైకర్ మీద పెట్టాడు. మొదటి దెబ్బకు స్ట్రైకర్ కాయలను తాకకుండా పక్కగా వెళ్లి పాకెట్లో పడింది. రెండో దెబ్బకు బోర్డు చెక్క అంచుకు తగిలి, ఎగిరి, బల్ల మీది ఇత్తడి పళ్లెంలో పడింది. గరిజె ఒకటి విరిగి పుట్నాల పొడి లేచింది. పిల్లల నవ్వు, పెద్దల నవ్వు కలిసిపోయాయి. జాహేదా కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వనిది అరుణమ్మ ఒక్కతే.

కరీం మంచివాడు. పది పాయింట్లు దాటాక అతనికే ఇబ్బందైంది. "భాయ్, నాకు ముచ్చట తీరింది. కుడిచేత్తో ఆడుండ్రి" అన్నాడు. రఘుపతి వినలేదు. ఇంకాసేపటికి వహీద్ వంగి చెవిలో చెప్పాడు. "అరే, కప్పు పోతాంది. ఒక్క మాట చెప్పి కుడిచెయ్యి తియ్యి. నీ కాళ్లు మొక్కుత."

"ఆగు భాయ్, చెయ్యి జర అలవాటైతాంది" అన్నాడు రఘుపతి, చొక్కా మొత్తం తడిసిపోయి.

చెయ్యి అలవాటు కాలేదు. ఇరవై అయిదు, సున్నా. కప్పు భువనగిరివాళ్ల సంచిలో కూర్చుని హైదరాబాద్ బస్సెక్కింది. మనిషన్నవాడు కప్పు పోగొట్టుకుంటాడు, ఊరి పరువు పోగొట్టుకుంటాడు, కుడిచెయ్యి కూడా వదులుకుంటాడు గానీ, పెళ్లాం పేరు చెప్పడు. ఇట్లాంటి పట్టుదల పొలం కొలిచేటప్పుడు చూపించి ఉంటే ఈపాటికి నిజంగానే సర్వేయర్ అయ్యేవాడు.

ఇంటిదారిలో అరుణమ్మ ఖాళీ పళ్లెం చంకన పెట్టుకుని ముందు నడిచింది. రఘుపతి వెనక.

"ఆ వహీద్‌గాడు కావాలనే గుంజిండే నన్ను" అన్నాడు.

"ఒక్కసారి అంటనంటివి" అంది ఆమె, వెనక్కి తిరక్కుండా.

"అందామనే ఉంటి. నోరు తిరుగలే."

"అందరు చూస్తుండంగ పుర్రచెయ్యి తిరిగింది. నోరెందుకు తిరుగలే?"

ఆ వారమంతా ఆమె వండింది, పెట్టింది, మాట్లాడలేదు. ఒక మార్పు మాత్రం వచ్చింది. అన్నం వడ్డించేటప్పుడు గరిటె ఎడమచేత్తోనే పట్టుకుంది. రఘుపతి చూశాడు, నోరు తెరిచాడు, మూసుకుని తిన్నాడు.

శనివారం సాయంత్రం పీట వేసుకుని, నోటుబుక్కు తెరిచి, పొయ్యి ముందు కూర్చున్నాడు. పొయ్యి మీద మూకుడు లేదు. పిండి తడపలేదు.

"ఏమే, రేపు మన వంతు. గరిజెలు చెయ్యవా?"

"ఏ చేత్తో చెయ్యాలె?" అంది అరుణమ్మ. "నా చెయ్యి నువ్వు తీస్కపోయినవు గద. అందరి ముంగట నీదన్నవు. నీ చెయ్యి, నువ్వే చేసుకో."

బతిమాలాడు. సర్వపిండి అయినా చెయ్యమన్నాడు. కనీసం నాలుగు పల్లీలు వేయించమన్నాడు. ఆమె చాప పరుచుకుని, జాహేదా దగ్గర తెచ్చుకున్న జాకెట్ గుడ్డకు గుండీల కాజాలు కుట్టుకుంటూ కూర్చుంది, హాయిగా ఎడమచేత్తో.

ఆదివారం పొద్దున్నుంచి రఘుపతి సాకు వెతికాడు. చివరికి పాత ధోవతి చింపి, ఎడమ మణికట్టుకు పెద్ద పట్టీ కట్టుకున్నాడు. టోర్నమెంటులో చెయ్యి బెణికింది, వారం దాకా పిండి ముట్టొద్దన్నాడు దవాఖాన డాక్టర్, ఇదీ మాట. దారి పొడవునా లోలోపల వల్లె వేసుకున్నాడు. మంచి సాకే. ఉస్తాద్ నిలబడతాడు, సెక్రటరీ నిలబడతాడు, పుర్రచెయ్యి కూడా నిలబడుతుంది.

సైకిల్ షాపు వెనక గదిలో నేల మీద పాత పేపరు పరిచి ఉంది. నలుగురూ చుట్టూ కూర్చున్నారు. బోర్డు మీద పౌడర్ చల్లి ఉంది. యోహాను అతని చంకలోకి, వెనక్కి, మళ్లీ చంకలోకి చూశాడు.

"ఉస్తాద్, డబ్బా ఏది?"

రఘుపతి పట్టీ కట్టిన చెయ్యి పైకెత్తాడు. నోరు తెరిచాడు. కానీ ఖాళీ పేపరు కనిపించింది, నాలుగు ఆకలి మొహాలు కనిపించాయి. వారం నుంచి అణచుకున్నదంతా ఒక్కసారి పొంగుకొచ్చింది. వల్లె వేసుకున్న సాకు ఎటు పోయిందో పోయింది.

"ఏం తేవాలె? మా ఆమె చెయ్యలే!" అన్నాడు, గది అదిరేలా.

పట్టీ కట్టిన చెయ్యి గాల్లో అట్లాగే ఉంది. ఆమె చేసిన నాలుగేళ్లలో ఒక్కసారీ రాని ఆ మాట, చెయ్యని ఒక్కరోజు ఎవరూ గుంజకుండానే వచ్చేసింది. తానేమన్నాడో రఘుపతికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఐలేశానికి ముందే అర్థమైంది. బక్కమ్మ గరిజెలు గుర్తొచ్చాయేమో, అతను నవ్వలేదు, రఘుపతి వైపు అదోలా చూశాడు.

వహీద్ స్ట్రైకర్ తీసి, దాని మీది పౌడర్ ఊది, తెచ్చి రఘుపతి ముందు పెట్టాడు.

"ఇంగేం ఫికర్ లేదు ఉస్తాద్" అన్నాడు. "కుడిచేత్తో ఆడు."